పొయ్యిలు ముందు, గోడలు తర్వాత

దోహాలో, అల్ మన్సూరా పేటలో మేముండే భవనం కింద చెప్పులు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. మొన్న శుక్రవారం పొద్దున చెప్పు మడమ ఊడొస్తే తీసుకుని దిగాను. కొట్టతను పసుపుపచ్చ జిగురు డబ్బా మూత తీసి, అరిగిపోయిన బ్రష్షుతో మడమకు ఒక పూత, అట్టకు ఒక పూత వేసి, రెండూ కాస్త ఆరేదాకా పక్కన పెట్టాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు గోల్కొండ గుర్తొచ్చింది. నవ్వొచ్చే మాటే. గోల్కొండ అంటే ఎవరికైనా రాళ్ళూ మెట్లూ, కింద చప్పట్లు కొడితే కొండ మీదికి వినిపించే గుమ్మటమూ గుర్తు రావాలి. నేను బాగా ఎరిగిన గోల్కొండ మాత్రం దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డు కింద, ఇదే జిగురుతో అతికించింది. దాన్ని నాకు చూపించిన మనిషి హైమవతి గారు. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. ఆమె చేసిన పని గురించి ఎక్కడా ఎవరూ ఒక్క ముక్క రాయలేదు, ఇకముందు రాస్తారన్న ఆశ కూడా నాకు లేదు. అందుకే చేతకాకపోయినా నేను రాస్తున్నాను.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఇంటర్ తప్పి, హెల్పర్ వీసా మీద ఖతర్ వచ్చాను. మా వైపు గల్ఫ్‌లో ఎక్కడికి పోయినా దుబాయే, అందుకే మా అమ్మ చివరిదాకా నేను దుబాయ్‌లో ఉన్నాననే అందరికీ చెప్పుకుంది. సిమెంటు బస్తాలు మోసే రోజుల్లో, ఎన్ని బస్తాలకు ఎంత గోడ లేస్తుందో మనసులో లెక్క వేసుకోవడం ఒక్కటే నాకు కాలక్షేపం. ఆ అలవాటు ముదిరి ముదిరి చివరికి నన్ను ఒక కంపెనీలో ఎస్టిమేటర్ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కంపెనీ ప్రదర్శనశాలలకూ మాల్స్‌కూ నమూనాలు చేస్తుంది. కోటలు, ఓడలు, రేవులు, పాత బజార్లు, అన్నీ బల్ల మీద పట్టేటంత చిన్నవిగా. డ్రాయింగ్ చేతికొస్తే ఎంత ప్లైవుడ్, ఎంత ఫోమ్, ఎంత రెజిన్, ఎంతమంది మనుషులు, ఎన్ని వారాలు అన్నది నేను చెప్పాలి. నా అంచనా పెద్దగా తప్పేది కాదు. దాన్ని చూసుకుని కొంచెం గర్వం కూడా ఉండేది.

అప్పుడు మాకు వచ్చిన పని ముత్యాలూ వజ్రాల మీద కడుతున్న ఒక ప్రైవేటు ప్రదర్శనశాలది. ఈ సముద్రంలో దొరికిన ముత్యాలు దక్కనుకు ఎలా వెళ్ళాయో, దక్కను వజ్రాలు లోకమంతా ఎలా తిరిగాయో చెప్పే హాలు. దాని మధ్యలో ఒక గది నిండా గోల్కొండ ముట్టడి. పదిహేడో శతాబ్దం చివర్లో ఢిల్లీ పాదుషా స్వయంగా తన దండుతో వచ్చి ఎనిమిది నెలలు ఆ కోట ముందు కూర్చున్నాడు కదా, ఆ దృశ్యం చెయ్యాలి. చరిత్ర సలహా కోసం హైదరాబాదు నుంచి హైమవతి గారిని పిలిపించారు. బెజవాడలో పుట్టి, హైదరాబాదు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పొట్టిగా ఉండేవారు. నూలు చీర కట్టి, కింద మేమిచ్చిన సేఫ్టీ బూట్లు తొడుక్కుని షెడ్డంతా టకటకా తిరిగేవారు. ఆ వేషం చూసి మొదటిరోజు ఒకరిద్దరు నవ్వు ఆపుకోడానికి మూతి బిగించుకుంటే, “నవ్వండి నాయనా, నాకూ నవ్వే వస్తోంది” అన్నారు. ఆ తర్వాత ఆ వేషానికి ఎవరూ నవ్వలేదు.

నా పట్టికను ఆమెకు చూపించింది కూడా ఆరోజే. కోట గోడ ముక్కలు, బురుజులు, ఫిరంగులు, డేరాలు, గుర్రాలు, ఏనుగులు. ప్రతిదాని పక్కన ఎంత సరుకో రాసి ఉంది. ఆమె కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని పైనుంచి కిందిదాకా చదివారు.

“ఈ ఏనుగులు ఏం తింటాయి గంగాధర్ గారూ?”

“అవి రెజిన్‌వి మేడం. ఏం తినయ్.”

షెడ్డులో వాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వారు. “ఇవి తినవులెండి. వీటి పెద్దవాళ్ళు తిన్నారుగా, వాళ్ళ సంగతి లెక్క కట్టండి. మీరు లెక్కల మనిషని సుధాకర్ గారు ఒకటే పొగిడారు.”

సుధాకర్ గారు మా ప్రాజెక్టు మేనేజరు, గుంటూరాయన. ఆయన పొగిడాడంటే ఆ లెక్క తప్పించుకునే దారి లేదు. ఏనుగు, గుర్రం, ఎద్దు రోజుకు ఎంత మేస్తాయో ఆమె తన దగ్గరున్న పుస్తకాల్లోంచి చెప్పారు. మెట్ట నేలలో ఎకరానికి ఎంత గడ్డి లేస్తుందో నాకు మా ఊరి నుంచే తెలుసు. మిగిలింది గుణకారం. ఆ అంకెలు ఇక్కడ రాయను, ఎందుకంటే ఆ దండులో ఎన్ని పశువులున్నాయన్న దాని మీద పాత రచయితల మాట ఒకరిది ఒకరితో కలవదు. నేను అందరిలోకీ తక్కువ చెప్పినవాడి అంకె తీసుకున్నాను. అయినా ఒక్క నెల మేతకు కావలసిన నేలను మా నమూనా కొలతకు కుదిస్తే, అది బల్ల దాటింది, షెడ్డు గోడ దాటింది, గేటు కూడా దాటింది. తప్పు చేశానేమోనని మళ్ళీ వేశాను. మళ్ళీ గేటు దాటింది.

“పదండి, టేపు తీసుకోండి” అన్నారామె. ఇద్దరం ఎండలో కొలుచుకుంటూ బయటికి నడిచాం. వాచ్‌మన్ లేచొచ్చి కొత్త షెడ్డు కడుతున్నారా అని అడిగాడు. కొలత ఆగిన చోట ఒక చాయ్ కొట్టు ఉంది. ఆమె దాని బల్ల మీద కూర్చుని మా షెడ్డు వైపు తిరిగి చూశారు. అక్కణ్ణుంచి అది అగ్గిపెట్టెంత కనిపిస్తోంది.

“అదిగో, అక్కడ మన కోట. ఇక్కడిదాకా గడ్డి పరక ఉండదు. ఇక్కడిదాకా ఉన్న ఊళ్ళలో దున్నడానికి ఎద్దుండదు. ఇప్పుడు చెప్పండి, ముట్టడి ఎక్కడ జరిగినట్టు?”

అప్పటిదాకా లెక్క అంటే కాగితం మీద ఉన్నదాన్ని కూడటమే అనుకున్నాను. కాగితం మీద లేనిదాన్ని కూడా కూడాలని నాకు చెప్పింది ఆ చాయ్ కొట్టు.

మామూలుగా మేం ఏ కోటకైనా గోడల నుంచి మొదలుపెడతాం. ఎత్తు కుదిరితే మిగతాది దానంతట అదే కుదురుతుంది. ఆమె దానికి ఒప్పుకోలేదు. మట్టిరంగు పూసిన ఖాళీ పలక ముందు నిలబడి, “పొయ్యిలు ముందు, గోడలు తర్వాత” అన్నారు. వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ అడిగి తీసుకుని, దాని కాలిన మొనతో పలక మీద ఒక చుక్క పెట్టారు. సన్నగా పొగ లేచి నల్లటి మచ్చ మిగిలింది. అది ఒక పొయ్యి. నీళ్ళు ఎటున్నాయి, గాలి ఎటు వీస్తుంది, మందుగుండు బండ్లు ఎంత దూరంలో ఉన్నాయి, అన్నీ చూసుకుని ఇంకో చుక్క. తర్వాత ఆ ఐరన్ నా చేతికిచ్చారు. కొన్ని వారాల పాటు మా పని అదే. పొయ్యి పెట్టబోయిన ప్రతిచోటా ఆమె ఒక ప్రశ్న అడిగేవారు. కట్టెలు ఎక్కడివి? పిండి ఎవరు విసిరారు? జవాబు చెప్పలేకపోతే ఆ చుక్క పెట్టనిచ్చేవారు కాదు.

ఆ పనిలోనే నాకు హైదరాబాదు కథ కొద్దికొద్దిగా వినిపించింది. కోటకు తూర్పున, నది పక్కన ఉన్న ఆ ఊరికి ఆ రోజుల్లో గోడ లేదట. వెడల్పాటి వీధులు, తోటలు, కార్వాన్ పేటలో దేశదేశాల వర్తకులు. ముట్టడికి కొద్ది ముందే ఒకసారి దండు వచ్చి ఆ ఊరిని దోచి పోయింది. మళ్ళీ వచ్చినప్పుడు కదలకుండా కూర్చుంది. దండంటే సిపాయిలు మాత్రమే అనుకునేవాణ్ణి. సిపాయిల కంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది వాళ్ళ వెనక నడిచారని ఆమె చెప్పారు. వంటవాళ్ళు, చాకళ్ళు, మంగళ్ళు, గడ్డి కోసేవాళ్ళు, నాణేలు మార్చేవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు. డేరాల మధ్య బజార్లు లేచాయి. అసలు ఊరి కంటే ఆ గుడ్డల ఊరు పెద్దదైంది. ధాన్యం అటు పోయింది. మగ్గాలు డేరా గుడ్డ నేశాయి, కొలుములు ఫిరంగి బండ్లకు పట్టీలు కొట్టాయి. కాదన్నవాళ్ళు ఊరొదిలి పోయారు, పోలేనివాళ్ళు ఉండిపోయారు.

“ఊరంతా దండుకి పనిమనిషి అయింది” అన్నారామె. “ఆ ఏడు వానలు విరుచుకుపడ్డాయి. వెనకే కరువు, రోగం. ఊళ్ళో చచ్చారు, దండులోనూ చచ్చారు. రాసినవాళ్ళు సర్దారుల పేర్లు మాత్రం వరసగా రాసుకున్నారు. రాసేవాడి పొయ్యి ఎప్పుడూ ఆరలేదు కదండీ, పొయ్యి సంగతి వాడికేం తడుతుంది?”

“మరి పాతబస్తీకి గోడ, దర్వాజాలు ఉంటయ్ గదా మేడం?”

“అవన్నీ తర్వాత తరాల వాళ్ళు కట్టుకున్నవి. భయం ముందొచ్చింది, గోడ వెనకొచ్చింది. మనం వాటి ముందు నిలబడి ఫొటోలు దిగి రాజసం అనుకుంటాం.”

ఆమె జీవితమంతా పట్టుకుని వేలాడింది ఈ ఒక్క సంగతినే. పాదుషాల యుద్ధాలు ఊళ్ళను ఎలా తిన్నాయన్నది. దాని మీద ఆమె రాసిన పెద్ద వ్యాసం అచ్చు కాలేదు. కాలేజీలో తోటి లెక్చరర్లు ఆమె వెనక ‘వంటావిడ’ అని పిలిచేవారట. ఆ మాట ఆమే నవ్వుతూ చెప్పారు. “ఈ బల్ల ఒక్కటి నిలబడితే చాలండీ. పుస్తకం వస్తే మాత్రం ఎవరు చదువుతారు? దీన్ని పిల్లలు చూస్తారు. ఒక్క పిల్లైనా ఇంటికెళ్ళి, అమ్మా వీళ్ళందరికీ అన్నం ఎవరు వండారు అని అడిగితే నా పని అయినట్టే.” ఆ రోజు నుంచి నేను ఆ బల్లను కంపెనీ పనిగా చూడలేకపోయాను.

మనుషుల బొమ్మలు చేసింది బద్రు. కామారెడ్డి దగ్గర తండా నుంచి వచ్చిన లంబాడీ మనిషి. చేతులు పెద్దవి, పట్టుకారు మాత్రం కంసాలి కంటే నేర్పుగా పట్టేవాడు. ఒక మధ్యాహ్నం ఎద్దుల వరస అతికిస్తుంటే ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“బద్రూ, ఈ ఎద్దులవాళ్ళు మీవాళ్ళే, తెలుసా?”

“మావోళ్ళా? పాదుషాకు మావోళ్ళతోటి ఏం పని మేడం?”

“ధాన్యం. దండు ఎక్కడుంటే అక్కడికి ఎద్దుల మీద మోసుకొచ్చింది లంబాడీలే.”

బద్రు పట్టుకారు పక్కన పెట్టాడు. “గెలిచినోళ్ళకు మోసిన్రా, ఓడినోళ్ళకా?”

“ఎవరు కొంటే వాళ్ళకి.”

“గట్లనా. అయితే మా తాతలు గూడ దుబాయ్ పోయినట్టే లెక్క. కంపెనీ మారుతది, నెత్తి మీద మూట మారది.”

షెడ్డంతా నవ్వింది. బద్రు మాత్రం ఆ రోజు నుంచి పని మార్చేశాడు. ఎద్దుల వెనక నడిచే ఆడవాళ్ళ లంగాల మీద అద్దాలకు గుర్తుగా సూది మొనతో వెండి రంగు చుక్కలు పెట్టాడు. అంత చిన్న బొమ్మ మీద ఆ చుక్క ఎవరికీ కనిపించదని నేనంటే, “ఆమెకు తెలుస్తది గదా అన్నా” అన్నాడు. ఆమె అంటే బొమ్మే. ఒక పొయ్యి ముందు వంగి రొట్టె చేస్తున్న ఆడమనిషిని చేసి, “ఈమె మా యాడి. గిట్లనే వంగి చేస్తుండె. ఇప్పుడు నడుం లేస్తలేదట” అని చెప్పాడు. వాళ్ళలో అమ్మను యాడి అంటారు. అతన్ని చూసి మిగతావాళ్ళు కూడా తమకు తెలిసిన మనుషుల్ని చెయ్యడం మొదలుపెట్టారు. ఒకడు కావడి మోసే వాళ్ళ మామను, ఒకడు జుట్టు కత్తిరించే తన దోస్తును. ఎవరూ చెప్పకుండానే పొయ్యిల చుట్టూ మనుషులు నిండిపోయారు. కోటకూ పాదుషా డేరాకూ మధ్య మైదానంలో ఒక ఊరు లేచింది. దూరం నుంచి చూస్తే జాతర సందడిలా, దగ్గరికి వంగితే ఆకలిలా ఉండేది. హైమవతి గారు ఆ బల్ల చుట్టూ తిరుగుతూనే ఉండేవారు. ఒకసారి కళ్ళజోడు తీసి చీర చెంగుతో చాలాసేపు తుడుచుకోవడం చూశాను.

ప్రదర్శనశాల తరఫువాళ్ళు ఒకరోజు వచ్చి చూసి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక సుధాకర్ గారు మా ఇద్దరినీ ఆఫీసు గదిలోకి పిలిచారు. ఏసీ తగ్గించారు, మళ్ళీ పెంచారు.

“బావుందన్నారండీ. చాలా బావుందన్నారు.”

“ఇంకేమన్నారు?” అని అడిగారు హైమవతి గారు.

“మరీ జనం ఎక్కువైపోయారంటున్నారు. ఫిరంగులు కంటికి ఆనట్లేదంట. లైట్లన్నీ పాదుషా డేరా మీదా, కోట మీదా పడాలంట. మధ్యలో ఈ సంతేంటని.”

“తగ్గించమన్నారా?”

“తీసేయమన్నారండీ. సిపాయిలు ఉంటారులెండి.”

“మరి మిగతావాళ్ళు ఎక్కడికెళ్ళినట్టు? ఊళ్ళకా? ఊళ్ళు ఉన్నాయా వాళ్ళకి?”

సుధాకర్ గారు చెడ్డవాడు కాదు. పెళ్ళి మాటలు చెడిపోయినప్పుడు మధ్యవర్తి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన మొహం. “మీరంటే నాకు గౌరవం హైమవతి గారూ. కానీ చరిత్ర మీదైనా హాలు వాళ్ళది.”

ఆమె బతిమాలారు. ఆ మాట రాయడం నాకు ఇష్టం లేదు, కానీ ఆమె బతిమాలారు. సగం మందిని ఉంచండి అన్నారు. ఒక మూలకు జరపండి, వెలుతురు లేకపోయినా ఫర్వాలేదు అన్నారు. ఫోన్లో వాళ్ళతో తానే మాట్లాడతానన్నారు, మాట్లాడారు కూడా. ఫోను పెట్టేశాక, “చాలా మర్యాదగా మాట్లాడారు” అని మాత్రం అన్నారు. నేను ఊరుకోలేక సుధాకర్ గారితో, “మనుషుల్ని తీస్తే దండు రెండు దినాలు గూడ నిలవది సార్, లెక్క కుదరది” అన్నాను. ఆయన జాలిగా చూశాడు. “ఇది లెక్క కాదయ్యా గంగాధర్. బొమ్మ.”

పలక మీది నల్ల మచ్చలు కూడా పోవాలన్నారు. అవి పైన పూసినవి కావు, కాలినవి. పైపొర చెక్కి, మళ్ళీ నునుపు చేసి, రంగు వేసి, కోట అడుగు దెబ్బతినకుండా చూసుకుంటూ చెయ్యాలి. ఎంత పని అని నన్నడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. హాలు తెరిచే రోజుకు అది కాదు. సుధాకర్ గారు నా అంకెల్ని రెండుసార్లు సరిచూసి, “సరే, మచ్చలే కదా, ఎవరు చూస్తారు” అన్నారు. పొయ్యిలు అలా మిగిలాయి. ఆమె కోసం నేను ఒక్క అంకె కూడా పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

మనుషుల్ని తీసే పని హైమవతి గారు ఇంకెవరినీ చెయ్యనివ్వలేదు. సన్నటి బ్లేడు, అసిటోన్‌లో తడిపిన దూది తీసుకుని కూర్చున్నారు. జిగురు కరిగే వాసన షెడ్డంతా నిండింది. బద్రు కాసేపు నిలబడి చూశాడు.

“బ్లేడు మీకు అలవాటు లేదు గద మేడం. నేను తీస్త.”

“నువ్వు పెట్టావు. నువ్వే తియ్యకూడదు.”

ఆ రోజు ఆమె అన్నం తినలేదు. ఒక్కో మనిషి కింద బ్లేడు పోనిచ్చి, కాళ్ళు విరక్కుండా ఎత్తి, బిస్కెట్ల డబ్బాలో పడుకోబెట్టారు. సాయంత్రానికి ఎద్దులతో సహా మైదానం ఖాళీ అయింది. అప్పుడు లైట్లు వేసి చూశాం. నిజంగానే ఫిరంగులు పెద్దవిగా కనిపించాయి. డేరా బంగారంలా మెరిసింది. కోట ఇంకా ఎత్తుగా లేచింది. చూడటానికి చాలా అందంగా ఉంది. నాకు మింగుడు పడనిది ఆ అందమే. అసహ్యంగా ఉండుంటే వాళ్ళు పొరపాటు చేశారని సర్దుకునేవాణ్ణి. అందంగా ఉండేసరికి, ఇలాగే జరుగుతూ వచ్చిందన్నమాట అనిపించింది. ఎప్పుడో రాసినవాళ్ళు కూడా ఇలాగే తుడిచి, దీపాలు పెట్టి, బావుందనుకుని ఉంటారు.

డబ్బాను స్క్రాప్‌లో వెయ్యమని స్టోరు నుంచి కబురొచ్చింది. అందులో వెయ్యకముందే పనివాళ్ళు ఎవరు చేసినవాళ్ళను వాళ్ళు ఏరుకున్నారు. బద్రు ఎద్దుల్ని తీసుకుని, రొట్టె చేసే ఆమెను నా చేతిలో పెట్టాడు.

“మీ అమ్మ గదరా. నువ్వే ఉంచుకో” అన్నాను.

“మేముండే క్యాంప్‌ల పొయ్యి లేదన్నా. మెస్సు నుంచి డబ్బా వస్తది. పొయ్యి లేని కాడ ఆమె ఏం జేస్తది? నీకు ఇల్లుంది, వంటిల్లుంది. ఆడ పెట్టు.”

ప్రదర్శనశాల గోడ మీద సలహాదారుల పేర్ల వరసలో తన పేరు వద్దని హైమవతి గారు అడిగారు. ఆమె అడిగినవాటిలో వెంటనే తీర్చింది ఆ ఒక్కటే. ఎయిర్‌పోర్టుకు నా కారులోనే తీసుకెళ్ళాను. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. సిగ్నలు దగ్గర పనివాళ్ళ బస్సు ఒకటి మా పక్కన ఆగింది. అద్దాలకు తలలాన్చి నిద్రపోతున్న మనుషులు. ఆమె వాళ్ళ వైపు చూస్తూనే అన్నారు.

“ఆ ముట్టడి చివరికి ఎలా తేలిందో చెప్పానా మీకు?”

“లోపలోడే దర్వాజా తీసిండన్నరు.”

“అవును. అన్ని నెలల ఆకలీ, అన్ని చావులూ అక్కర్లేకపోయాయి. ఒక మనిషి లోపల్నించి గడియ తీశాడు, అయిపోయింది. ఆ మాట ఆ చచ్చిపోయినవాళ్ళకి ఎవరు చెప్తారండీ?”

పచ్చలైటు పడింది. బస్సు ముందుకు పోయింది. ఆమెను నేను చూడటం అదే ఆఖరు. తర్వాత అప్పుడప్పుడు ఫోను చేసేవాణ్ణి. ఏం కడుతున్నారు ఇప్పుడు అని అడిగేవారు. ఓడ అంటే, నావికుల తిండి ఎక్కడ పెట్టారు అనేవారు. ఒకసారి ఫోను వేరే గొంతు ఎత్తింది. ఆమె మేనకోడలట. అత్తయ్య పోయారండీ అని చెప్పింది. ఆమె రాసుకున్న కాగితాలు ఏమయ్యాయని అడిగాను. “ఇల్లు ఖాళీ చేసేశామండీ” అంది. అంతకంటే అడగడానికి నేనెవరిని?

ఆ హాలుకు చాలాకాలం నేను వెళ్ళలేదు. పోయిన చలికాలం మా ఆవిడ లక్ష్మి పోరు పెడితే వెళ్ళాం. మా బల్ల చుట్టూ ఏదో ఇండియన్ స్కూలు పిల్లలు మూగి ఉన్నారు. గైడు హిందీలో, ఇంగ్లీషులో గలగలా చెబుతున్నాడు. ఒక పిల్ల, రెండు జడల పిల్ల, అద్దానికి ముక్కు ఆనించి మైదానంలోకి చూపిస్తూ ఏదో అడిగింది. ఆ నల్ల చుక్కలేమిటి అని. హైమవతి గారు అన్న పిల్ల ఈ పిల్లేనేమో అనిపించింది.

“ఫిరంగి గుండ్లు పడ్డ గుర్తులమ్మా” అన్నాడు గైడు. “చూశారా, నేలంతా ఎలా మాడిపోయిందో.” పిల్లలు ఓహో అన్నారు. ఒకడు నోటితో ఫిరంగి చప్పుడు చేశాడు. అందరూ నవ్వుతూ పక్క గదిలోకి పోయారు.

నేను ఆగి, అతను తిరిగొచ్చాక, అవి గుండ్ల గుర్తులు కావు, పొయ్యిలు అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. అతను చాలా మర్యాదగా విన్నాడు. “కావచ్చు భాయ్‌సాబ్. నాకిచ్చిన కాగితంలో ఇలా ఉంది” అన్నాడు. అతని తప్పేముంది? మనుషులు లేనిచోట కాలిన నేల కనిపిస్తే ఎవరైనా యుద్ధమనే అనుకుంటారు. వండుకున్నారని ఎందుకు అనుకుంటారు? పిల్లలు చూస్తారని హైమవతి గారు నమ్మారు. చూశారు. పొయ్యిల్ని కూడా చివరికి ఫిరంగులే తీసుకున్నాయి.

ఇప్పుడు నేను నమూనాల పని వదిలేసి కట్టడాల వైపు వచ్చాను. ఏ డ్రాయింగ్ ముందుకొచ్చినా గోడలు, కిటికీలు చూడకముందే వంట ఎక్కడ అని వెతుకుతాను. ఈమధ్య పనివాళ్ళ వసతి డ్రాయింగ్ ఒకటి వచ్చింది. గదులున్నాయి, స్నానాల గదులున్నాయి, కెమెరాలున్నాయి. వంటిల్లు లేదు. అడిగితే తిండి బయటి నుంచి డబ్బాల్లో వస్తుందన్నారు. “నీకు ఎప్పుడూ తిండి గోలేనా గంగాధర్” అని నవ్వారు. నా అంచనాలో వంటిల్లు అని ఒక వరస రాసి, ఎదురుగా అంకె వెయ్యకుండా ఖాళీగా వదిలాను. ఎవరైనా ఇదేంటని అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. మొత్తం సరిగ్గానే వచ్చింది కదా.

ఆ శుక్రవారం చెప్పు అయ్యాక, కొట్టతన్ని అడిగి అగ్గిపుల్ల కొనకు కొంచెం జిగురు అద్దుకుని పైకి తెచ్చుకున్నాను. మా వంటింట్లో స్టవ్వు వెనక కిటికీ గట్టు మీద బద్రు ఇచ్చిన ఆమె ఉంది. లక్ష్మి గట్టు తుడిచినప్పుడల్లా ఆమె కాళ్ళు ఊడొస్తాయి. గోరంత మనిషి. నడుం వంచి, రెండు చేతులు ముందుకు చాచి ఉంటుంది. లంగా మీద వెండి చుక్క ఎక్కడో ఉండాలి, నా కళ్ళకు ఆనడం మానేసింది. ఆమెను నిలబెట్టి, జిగురు ఆరేదాకా వేలితో పట్టుకున్నాను. లక్ష్మి అన్నం గిన్నె దించుతూ నా వైపూ ఆ బొమ్మ వైపూ చూసింది.

“ఎన్నేండ్లాయె. ఈమె రొట్టె ఇంక కాలదా?”

“ఎట్ల కాలతది? పొయ్యి ఆడనే ఉండిపాయె” అన్నాను.